ఆడపడుచు లెక్క

మా వదిన నెమ్మది మనిషని ఇంట్లో అందరూ అంటారు. నేనూ అనేదాన్ని. అన్నయ్య ముద్దుగా నత్త అంటాడు, అమ్మ ముద్దు లేకుండా అంటుంది. ఎవరేమన్నా ఆవిడ నవ్వేసి తన పని తను చేసుకుపోతుంది. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నన్నెవరైనా ఒక మాటంటే రెండు తగిలిస్తేగాని నాకు అన్నం సయించదు.

ఆవిడా నేనూ పనిచేసేది ఒకే చోట. ఆస్పత్రుల్లో మంచం పక్కన పెట్టే మందు పంపులు తయారుచేసే చిన్న కంపెనీ మాది. సిరంజిలో మందు నింపి పంపులో బిగిస్తే, డాక్టరు చెప్పిన వేగంతో అది సన్నని గొట్టంగుండా రోగి నరంలోకి మందును నెడుతూ ఉంటుంది. ఆ పంపుకి ప్రోగ్రాములు రాసేవాళ్ళలో వదిన ఒకర్తి. నాది టెస్టింగు, అంటే ఒకరు కష్టపడి చేసినదాన్ని చెడగొట్టి చూడటం. నీకు అది పుట్టుకతో వచ్చిన విద్యే కదా అంటాడు అన్నయ్య.

పంపులో ప్రాసెసర్ ఒక్కటే ఉంటుంది. దాన్ని ఒక కుర్చీ అనుకోండి. పని చేయాల్సిన ప్రోగ్రాములు ఏడెనిమిది, కానీ ఏ క్షణాన చూసినా కుర్చీలో ఉండేది ఒక్కరే. ఎవరొస్తే ఎవరు లేవాలో ముందే ఏర్పాటై ఉంటుంది. ఆ ఏర్పాటు తప్పకుండా చూసుకోవడమే లోపలున్న ఆపరేటింగ్ సిస్టం పని. వేళకి మందు అందకపోతే రోగి ప్రాణం మీదికి వస్తుంది కాబట్టి అందులో రెప్పపాటు ఆలస్యం కూడా పనికిరాదు.

వదిన చేరిన కొత్తలో ఈ ప్రోగ్రాములకి పేర్లు లేవు, నంబర్లే. మూడొస్తే ఐదు లేవాలా, ఐదొస్తే మూడు లేవాలా అని రోజూ ఒక పంచాయితీ. ఒక మధ్యాహ్నం వదిన కూర్చుని అన్నిటికీ చుట్టరికాలు కలిపేసింది. మోటారు దగ్గర్నుంచి వచ్చే సంకేతం అల్లుడు. చెప్పాపెట్టకుండా వస్తాడు, వస్తే ఎంతటివాళ్ళైనా లేవాల్సిందే. తను రాసిన, మందు ఎంత నెట్టాలో లెక్కగట్టే ప్రోగ్రాము పెద్దకోడలు, ఇంటి బరువంతా దాని మీదే. బటన్ల సంగతి చూసేది చిన్నకోడలు. ఎవరికీ పని లేనప్పుడు ఊరికే కుర్చీలో కూర్చునేది తాతయ్య. తాతయ్య కూర్చున్నంతసేపూ ప్రాసెసర్ కునుకు తీస్తుంది, బ్యాటరీ మిగులుతుంది. పాపం, ఎవరొచ్చినా లేవాల్సింది ఆయనే. ఆ రోజు నుంచి మా ఆఫీసులో ఆ పంచాయితీ మళ్ళీ రాలేదు.

ఆ పంపులో నేను రాసిన ప్రోగ్రాము ఒక్కటే ఉంది. కుర్చీలో ఎవరు ఎంతసేపు కూర్చున్నారో లెక్క కూడి, అందంగా వరసలు పేర్చి, పంపు తెర మీద ఒక పేజీలో చూపించి, నా టేబుల్ మీది కంప్యూటరుకి కూడా పంపుతుంది. దీనికేం పేరు పెడదామని అడిగితే వదిన అరక్షణం కూడా ఆలోచించలేదు. "ఆడపడుచు," అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాల్సి వచ్చింది.

మా సారుకి చాటున అందరూ పెట్టుకున్న పేరు తూకం. ఏదైనా అంకెల్లో పెట్టి చూపిస్తే తప్ప ఆయనకి నమ్మకం కుదరదు. చెడ్డవాడు కాదు. ఎండగా ఉందని చెబితే ఎన్ని డిగ్రీలని అడుగుతాడు, అంతే. ఆ సోమవారం ఆయన మమ్మల్నందర్నీ పిలిచి, గొట్టంలో గాలి బుడగ వస్తే మోగే కొత్త అలారం పంపులో పెట్టి తీరాలన్నాడు. దానికి కుర్చీలో చోటు కావాలి. చోటెక్కడుందో చూద్దామని నా పేజీ తెరిచాడు.

పెద్దకోడలి పక్కన నూటికి యాభై ఐదు ఉంది. తాతయ్యకి ఇరవై మిగిలింది. ఆడపడుచు పక్కన చక్కగా సున్నా.

"సగానికి పైగా ఒక్కరే తినేస్తే మిగతావాళ్ళకి ఏముంటుంది," అన్నాడు తూకం. ఆయన అన్నది ప్రోగ్రాముని గురించే. కానీ గదిలో ఉన్నవాళ్ళంతా వదిన వైపు చూశారు.

పెద్దకోడలిని తీసేసి, బయట రెడీమేడ్‌గా దొరికే ప్రోగ్రాము తెచ్చి పెడదామన్నాడు. పెద్దవాళ్ళకి మందు ఇవ్వడానికి అది బాగానే పనికొస్తుంది. నెలలు నిండకుండా పుట్టిన పసికందులకి వెంట్రుకవాసి కొలతలో ఇవ్వడం మాత్రం దానికి చేతకాదు. వదిన రెండేళ్ళు కూర్చుని సాధించింది ఆ వెంట్రుకవాసినే. "పసిపిల్లల పంపు సంగతి తర్వాత చూద్దాం," అన్నాడు తూకం. మా ఆఫీసులో తర్వాత అంటే ఎప్పటికీ లేదని అర్థం. వదినకి పంపుల మాన్యువల్ రాసే పని ఇస్తారట. శుక్రవారం మీటింగులో ఖాయం చేస్తారట.

"సార్, ఆ లెక్కలో ఏదో..." అని నేను లేచాను.

"లెక్క మీదే కదమ్మా?"

నాదే. ఏ మొహం పెట్టుకుని మాట్లాడతాను? కూర్చున్నాను.

సాయంత్రం బస్సులో వదిన కిటికీ పక్కన కూర్చుంది. "నిజమేనేమో చిట్టీ," అంది. "నేను నెమ్మదే కదా. నేను రాసింది కూడా నాలాగే తయారైనట్టుంది."

అనేటప్పుడు నవ్వలేదు. ఇన్నేళ్ళుగా ఆ నవ్వు చూసి ఒళ్ళు మండించుకున్నదాన్ని, అది కనపడకపోయేసరికి దానికోసమే ఆవిడ మొహంలో వెతికాను. మా వదినంటే నాకు ప్రాణం. ఆ మాట ఆవిడతో ఎప్పుడూ అనలేదు. అనాలంటే సిగ్గు. ఆ పేజీ రాసిన చేతుల్ని విరగ్గొట్టుకోవాలనిపించింది.

మర్నాడు ఆఫీసుకి వెళ్ళగానే టెస్టింగ్ గదిలో బీరువా పక్కనున్న పంపు దగ్గరికి వెళ్ళాను. ముందురోజు దాన్ని కరెంటు తీసేసి బ్యాటరీ మీద నడవమని వదిలాను. తాతయ్యకి కూర్చునే తీరిక ఐదో వంతేనని నా పేజీ చెబుతోంది. అంటే ప్రాసెసర్‌కి కునుకు కరువైనట్టే. ఆ లెక్కన బ్యాటరీ ఈపాటికి చచ్చి ఊరుకోవాలి. చూస్తే పంపు నిక్షేపంగా నడుస్తోంది. మూత విప్పి ప్రాసెసర్ మీద వేలు పెట్టాను, చల్లగా ఉంది. రోజంతా చాకిరీ చేసేవాళ్ళ ఒళ్ళు అలా ఉండదు.

వెళ్ళి వదిన కుర్చీ వెనక నిలబడ్డాను. "వదినా, ఒక్క నిమిషం," అన్నాను.

ఆవిడ చేస్తున్న పని వదిలి ఇటు తిరిగింది. బ్యాటరీ సంగతి చెప్పాను.

"పెద్దకోడలు అంత పని చేస్తుంటే తాతయ్య ఎలా నిద్రపోతున్నాడు?" అన్నాను. "ఇద్దరిలో ఒకరు అబద్ధం."

"నీ పేజీ లెక్క ఎలా రాస్తుందో మళ్ళీ ఒకసారి చెప్పు," అంది వదిన.

చెప్పాను. లోపలి గడియారం సెకనులో వెయ్యోవంతుకి ఒకసారి టిక్కుమంటుంది. టిక్కుమన్నప్పుడల్లా నా లెక్క గదిలోకి తొంగిచూస్తుంది. ఆ క్షణంలో కుర్చీలో ఎవరు కనబడితే, వెనకటి టిక్కు నుంచి గడిచిన కాలమంతా వాళ్ళ పేరున రాసేస్తుంది.

"నా ప్రోగ్రామేమో టిక్కు వినగానే లేచి కూర్చుంటుంది," అంది వదిన మెల్లగా. "మందు వేళ తప్పకూడదని నేనే అలా పెట్టాను."

"ఎన్ని టిక్కులకి?"

"టిక్కు విడిచి టిక్కుకి."

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నా లెక్క తొంగిచూసే ఆ క్షణానికే ఆవిడ కుర్చీలో ఉంటుంది. చిటికెలో పని ముగించి లేచిపోతుంది. నా లెక్క మాత్రం కాలమంతా ఆవిడే కూర్చుందని రాసుకుని తలుపేసుకుంటుంది. అలా రెండిట్లో ఒక టిక్కు పూర్తిగా ఆవిడ నెత్తిన పడితే సగానికి అటూ ఇటూ కాక ఇంకేమవుతుంది?

అనుకోవడం వేరు, చూపించడం వేరు. తూకానికి అనుకోవడాలు పనికిరావు. అందుకని పెద్దకోడలిని టిక్కు దాటి కాస్త ఆగి నిద్రలేచేలా మార్చాం. చేసే పని అదే, వెళ్ళే మందు అదే. పేజీలో పెద్దకోడలి అంకె యాభై ఐదు నుంచి జారి సున్నా దగ్గర నిలబడింది. వదిన నోటి మీద చెయ్యి పెట్టుకుంది. నిన్న ఇల్లంతా తినేసిన మనిషి ఇవాళ అసలు ఇంట్లోనే లేదంటోంది నా పేజీ.

"నీ ఆడపడుచు ఎంత మంచిదో చూడు," అంది వదిన. సోమవారం తర్వాత ఆవిడ నవ్వడం అదే మొదలు. నన్ను వెక్కిరించడానికైతేనేం, నవ్వింది కదా.

ఆ తర్వాత తీగలో కరెంటు ఎగుడుదిగుళ్ళని గీతగా చూపించే స్కోపు తెచ్చాం. పెద్దకోడలు కుర్చీలో ఉన్నంతసేపూ తెర మీద గీత పైకి లేచేలా తీగ కలిపాం. లేచిన గీత గడ్డిపరకంత ఉంది. మధ్యలో బోలెడంత ఖాళీ. కాసేపు చూస్తే ఒక వింత కనబడింది. గీత ఒక్కోసారి సన్నగా, ఒక్కోసారి రెండింతలు లావుగా ఉంటోంది.

"చేసే పని ఎప్పుడూ ఒకటే," అంది వదిన. "మరి లావెందుకవుతోంది?"

నాకూ తెలియలేదు. ముందు లెక్క రాసే పద్ధతి మార్చేశాను. టిక్కు టిక్కుకీ తొంగిచూడటం మానిపించి, ఒకరు లేచి ఇంకొకరు కూర్చున్న ప్రతిసారీ లోపలున్న ఇంకో వేగమైన గడియారం చూసి రాసేలా చేశాను. ఒక్కొక్క ప్రోగ్రామునీ కొత్త పద్ధతిలోకి తెచ్చాను. నాది మాత్రం ముట్టుకోలేదు, ఎలాగూ సున్నాయే కదా. గురువారం మధ్యాహ్నానికి పెద్దకోడలి అంకె పదిహేనుకి దిగింది. బాగా దిగింది గానీ, స్కోపు మీది సన్నగీతని బట్టి చూస్తే ఐదారుకి మించకూడదు. పైగా అన్నీ కూడితే నూరు రావడం లేదు. ఎక్కడో ముప్పై దాకా మాయమవుతోంది.

ఆ సాయంత్రం వంటింట్లో వదిన ఉల్లిపాయలు తరుగుతోంది. నేను ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాను.

"ఇంకా నీది ఎక్కువే చూపిస్తోంది వదినా. పదిహేనంటే తూకం ఊరుకోడు."

ఆవిడ ఏదో అనబోయింది. ముందు గదిలోంచి అమ్మ పిలిచింది, "అమ్మాయ్, నా కళ్ళజోడు చూశావా?" వదిన కత్తి పక్కన పెట్టి వెళ్ళి వెతికిచ్చి వచ్చింది. మళ్ళీ కత్తి పట్టుకుంది. మేనకోడలు పుస్తకం పట్టుకొచ్చి, "అమ్మా, ఇది ఎలా చెయ్యాలి?" అంది. కత్తి పక్కన పెట్టింది. పిల్ల వెళ్ళాక అన్నయ్య తన ఛార్జరు ఎక్కడుందని అడిగాడు. అది అతని చేతికి అందే దూరంలోనే ఉంది. నేను, "వదినా, ఒక్క నిమిషం, కాసిని మంచినీళ్ళు," అన్నాను. అప్పుడూ కత్తి పక్కన పెట్టింది.

అన్నయ్య గుమ్మంలోంచి తల పెట్టి చూశాడు. "ఏమోయ్ నత్తా, ఇంకా ఉల్లిపాయల దగ్గరే ఉన్నావా?"

వదిన కత్తి పట్టుకుని అలాగే నిలబడి, "చిట్టీ, అల్లుడొచ్చినప్పుడు కుర్చీలో ఎవరుంటారు?" అంది.

"చాలాసార్లు పెద్దకోడలే. మోటారుని కదలమని చెప్పేదీ అదే, చెప్పగానే అల్లుడు వచ్చి వాలతాడు."

"మరి నీ పేజీలో అల్లుడికి వరస ఉందా?"

"లేదు. ఆయన ప్రోగ్రాము కాదు కదా, ఊరికే వచ్చిపోయేవాడు. అయినా అల్లుడి ఖర్చు అల్లుడి పేరున రాసే ఇల్లు ఎక్కడుంది?"

"అయితే ఆయన వచ్చి కూర్చున్నంతసేపూ ఎవరి పేరున పడుతోంది?"

గ్లాసు నోటి దాకా తీసుకెళ్ళినదాన్ని కింద పెట్టేశాను. గీత ఒక్కోసారి లావెందుకవుతోందో తెలిసిపోయింది. ఆవిడని లేపి కూర్చున్నవాళ్ళ కాలమంతా ఆవిడ కాలంగానే రాస్తున్నాను.

"ఏ అల్లుడు?" అన్నాడు అన్నయ్య. అతనికి ఎవరూ చెప్పలేదు. నేను లేచి వదిన చేతిలో కత్తి లాక్కుని అతని చేతిలో పెట్టాను. "ఆ ఉల్లిపాయలు అయ్యేదాకా ఈ గుమ్మం దాటకు. ఎవరు పిలిచినా సరే," అన్నాను. అతను నా మొహం చూసి తరగడం మొదలుపెట్టాడు.

శుక్రవారం పొద్దున్నే వెళ్ళి అల్లుడికి విడిగా ఒక వరస పెట్టాను. పెద్దకోడలి అంకె ఆరు దగ్గర ఆగింది. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. వదిన మాత్రం తెర వంక చూస్తూ వేళ్ళు మడుస్తోంది.

"ఇంకా నూరు రాలేదే," అంది. "ఆ ముప్పై ఎవరు తింటున్నట్టు?"

"అదే తెలియడం లేదు. ఇంట్లో ఉన్నవాళ్ళందర్నీ రాశాను."

"అందర్నీ రాశావా?"

"అల్లుడు, పెద్దకోడలు, చిన్నకోడలు, తాతయ్య, మిగతా పిల్లాజెల్లా అంతా."

ఆవిడ తెర మీంచి కళ్ళు తిప్పి నన్ను చూసింది. పెదవి బిగబట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. నవ్వు ఆపుకుంటోందని నాకు అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. ఎందుకు నవ్వుతోందో అర్థమవడానికి ఇంకాస్త పట్టింది.

నా ప్రోగ్రాముని కూడా కొత్త పద్ధతిలోకి తెచ్చాను. ఆడపడుచు పక్కన ఇరవై తొమ్మిది వచ్చి కూర్చుంది.

తొంగిచూసి రాయడం టిక్కుతోపాటే జరిగిపోతుంది, దానికి కుర్చీ అక్కర్లేదు. కుర్చీలో కూర్చుని ఆడపడుచు చేసే పనేమిటో చెప్పాను కదా, లెక్కలు కూడటం, వరసలు పేర్చడం, నా కంప్యూటరుకి పంపడం. ఇవన్నీ క్షణానికి ఇన్నిసార్లని ఎడతెగకుండా చేయమని నేనే పెట్టాను, ముచ్చటగా ఉంటుందని. అదీ వదినది నిద్రలేచే టిక్కుకే నిద్రలేస్తుంది. కానీ వదినది తన కంటే పెద్ద కాబట్టి, తొంగిచూసే వేళకి గుమ్మం బయట నిలబడి ఉంటుంది. వదినది లేచిపోగానే వచ్చి కుర్చీలో చేరగిలబడి, తర్వాతి టిక్కు లోపల దులుపుకుని వెళ్ళిపోతుంది. తొంగిచూసిన ఏ ఒక్కసారీ దొరకలేదు. తిన్నది అది, పేరు పడింది వదినకి.

మీటింగుకి ఇంకా అరగంట ఉంది. "అల్లుడి దాకా చెప్పి ఆపేద్దాం," అంది వదిన. "నా అంకె ఆరని తేలింది కదా, అది చాలు. నీది తర్వాత మనమే సర్దుకుందాం."

"నువ్వు కాసేపు మాట్లాడకు వదినా," అన్నాను. గొంతు కాస్త పెద్దదే అయింది.

తూకం ముందు పాత పేజీ, కొత్త పేజీ పక్కపక్కన పెట్టాను. బ్యాటరీ సంగతి, పెద్దకోడలిని జరిపితే సున్నా అయిన సంగతి, గీత లావైన సంగతి వరసగా చెప్పాను. ఆయన స్కోపు గీత దగ్గరికి వంగి మరీ చూశాడు.

"అయితే ఎక్కువ తింటున్నది ఎవరు?"

"నాది సార్," అన్నాను. "ఈవిడది ఆరు. నాది ఇరవై తొమ్మిది. సోమవారం నేను చూపించిన పేజీ తప్పు. ఈవిడ రాసింది మా అందరి ప్రోగ్రాముల్లోకీ చురుకైనది."

గదిలో ఎవరూ నవ్వలేదు. వదిన బల్ల మీద గోటితో గీస్తూ కూర్చుంది. ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి.

"అలాగైతే ఆడపడుచుని తీసేద్దాం," అన్నాడు తూకం. "బుడగ అలారానికి చోటు దొరుకుతుంది. పెద్దకోడలు ఉంటుంది. పసిపిల్లల పంపు కూడా ఉంటుంది."

నేను తలూపాను. నేను రాసింది అదొక్కటే అయినా, న్యాయమే. అప్పుడు వదిన నోరు విప్పింది.

"తీసెయ్యొద్దు సార్. అది లేకపోతే రేపు ఎవరు ఎంత తింటున్నారో ఎవరికి తెలుస్తుంది? మాటిమాటికీ రావద్దని చెబితే చాలు. సెకనుకి ఒక్కసారి వచ్చి చూసి వెళ్ళమందాం."

"అప్పుడు ఎంతవుతుంది?"

"ఒకటి కూడా కాదు సార్."

తూకం రెండు పేజీలూ మరొకసారి చూశాడు. కొత్తదాని కింద అంకెలన్నీ కూడి, నూరు వచ్చిందని చూసుకుని, సరేనన్నాడు. లేస్తూ వదిన దగ్గర ఆగి, "సోమవారం నేను తొందరపడ్డానమ్మా," అన్నాడు. ఆయన నోట అలాంటి మాట, అదీ ఒక్క అంకె లేకుండా, నేను వినడం అదే మొదటిసారి.

బస్సులో వదిన కిటికీ పక్క చోటు నాకు ఇచ్చింది. "అంత మందిలో అలా చెప్పకపోతే ఏం?" అంది. "చురుకైనదని కూడా అన్నావు."

"ఉన్నమాటే అన్నాను."

"ఇంట్లో కూడా అంటావా?"

"అంటాను," అన్నాను. ఇంటికెళ్ళాక అన్నాను కూడా. అమ్మ నన్ను ఎగాదిగా చూసి ఒంట్లో బాగాలేదా అని అడిగింది.

తర్వాతి సోమవారం నాకు వదినతో పని పడింది. బుడగ అలారం గురించి ఒక సందేహం. అలవాటుగా ఆవిడ కుర్చీ దగ్గరికి వెళ్ళి, ఒక్క నిమిషమని అనబోయి మింగేశాను. ఆవిడ పసిపిల్లల పంపు లెక్కలో మునిగి ఉంది. పక్క బల్ల మీద ఆ పంపు నడుస్తోంది, మందు కదులుతున్నట్టే కనబడనంత నెమ్మదిగా. ఆవిడ తలెత్తేదాకా ఆగుదామని చేతులు కట్టుకుని వెనకాల నిలబడ్డాను. నా మటుకు నాకు అది పెద్ద త్యాగమే.

వదిన కాసేపు టైపు చేసింది. ఆగింది. మళ్ళీ చేసి, చెరిపేసింది. తల తిప్పకుండానే అడిగింది.

"ఏంటి చిట్టీ, కొత్తగా?"

"ఏం లేదు. నీ పని కానీ. అయ్యేదాకా ఆగుతాను."

"నువ్వలా వెనక నిలబడితే నేను పని చేస్తున్నాననుకుంటున్నావా? ఆ సేపంతా నా లెక్కలోనే పడుతుంది," అంది. కాలితో పక్క కుర్చీ నా వైపు జరిపింది. "కూర్చో. ఏం కావాలో చెప్పు."

కూర్చున్నాను.